ట్రాలీ లాగడానికి ఏ ట్రాక్టర్ సరిపోతుంది? కొనే ముందు బరువు లెక్క చూసుకోండి

ట్రాక్టర్ కొనేటప్పుడు చాలామంది రైతులు మొదట అడిగేది "ఎన్ని హెచ్‌పీ?" అని. దుక్కికి ఆ ప్రశ్న సరిపోవచ్చు. ట్రాలీ తోలకానికి మాత్రం హెచ్‌పీతో పాటు ట్రాక్టర్ బరువు, బ్రేకులు కూడా చూడాలి. బండిని లాగడం ఒక ఎత్తు, ఆపడం మరో ఎత్తు.

ముందు మీ బరువు ఎంతో లెక్కేయండి

40 కిలోల ధాన్యం బస్తాలు 100 వేస్తే 4 టన్నులు. ఖాళీ ట్రాలీ సుమారు ఒకటిన్నర టన్ను అనుకుంటే మొత్తం 5.5 టన్నులు. 45 హెచ్‌పీ తరగతి ట్రాక్టర్ బరువు దాదాపు 2 టన్నులే. అంటే ట్రాక్టర్ తనకంటే రెండున్నర రెట్లకు పైగా బరువును లాగుతోంది. పచ్చి ధాన్యం, ఇసుక, మొరం అయితే ట్రాలీ నిండకముందే బరువు దాటిపోతుంది. పత్తి, గడ్డి అయితే బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ కాబట్టి మలుపుల్లో ఒరిగే ప్రమాదం ఉంటుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు

పది మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు ఉన్న కాలువ కట్ట ఎక్కాలంటే, మొత్తం బరువులో పదో వంతు అదనంగా లాగాలి. పై లెక్కలో ట్రాక్టర్‌తో కలిపి 7.5 టన్నులకు అది 750 కిలోలు. చిన్న గేరులో ఇంజను ఆ శక్తి ఇచ్చినా, వెనుక చక్రాలకు పట్టు లేకపోతే అక్కడే తిరుగుతాయి. తడి మట్టిలో పట్టు ఇంకా తగ్గుతుంది. అందుకే ఒకే హెచ్‌పీ ఉన్న రెండు ట్రాక్టర్లలో బరువైనది తోలకానికి మేలు. పట్టు చాలకపోతే వెనుక చక్రాలకు ఇనుప బరువులు తగిలించవచ్చు, టైర్లలో ముప్పావు వంతు వరకు నీళ్లు నింపించవచ్చు.

రెండు చక్రాల ట్రాలీయా, నాలుగు చక్రాలదా?

రెండు చక్రాల ట్రాలీ బరువులో కొంత భాగం హుక్కు మీద పడి, వెనుక చక్రాలకు పట్టు పెంచుతుంది. కానీ సరుకు మరీ ముందుకు వేస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. మరీ వెనక్కి వేస్తే హుక్కు పైకి లేస్తుంది. ఇరుసుకు కాస్త ముందువైపు బరువు ఉండేలా సర్దాలి. నాలుగు చక్రాల ట్రాలీ తన బరువు తానే మోస్తుంది, ట్రాక్టర్‌కు పట్టు ఇవ్వదు. కాబట్టి దానికి బరువైన ట్రాక్టర్ కావాలి.

అసలు ప్రమాదం దిగేటప్పుడే

మన ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులు ఉండవు. దిగుడులో 5.5 టన్నులు వెనుక నుంచి తోస్తుంటే 2 టన్నుల ట్రాక్టరే ఆపాలి. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. రోడ్డు మీద రెండు బ్రేకు పెడళ్లను తప్పకుండా కలిపి లాక్ చేయండి.

కొనే ముందు చూసుకోండి

• కంపెనీ పుస్తకంలో ఎంత బరువు లాగవచ్చని రాశారో చదివించుకోండి.
• ఆయిల్ బ్రేకులు ఉన్నవి, ట్రాలీ బ్రేకు కలిపే వీలున్నవి ఉంటే వాటికే మొగ్గు చూపండి.
• డీలరును అడిగి, మీ ట్రాలీకి సరుకు వేసి, మీ ఊరి గట్టు మీదే ఎక్కించి, దింపి చూడండి. ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలినా, దిగేటప్పుడు బ్రేకు చాలకపోయినా ఆ బండి మీ తోలకానికి చాలదు.
• ట్రాలీని కింది హుక్కుకే తగిలించాలి. పై లింకుకు కట్టి లాగితే ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది.

ఇప్పటికే చిన్న ట్రాక్టర్ ఉంటే మార్చనక్కర్లేదు. 100 బస్తాలను రెండు ట్రిప్పులుగా తోలండి. ఒక ట్రిప్పు డీజిల్ ఖర్చు, ఒక ప్రమాదం ముందు ఏపాటిది?