గిటారు పెట్టెలో గురగుర

గిటారు నాదమును మార్చుటకు కాలితో నొక్కు చిన్న పెట్టెను పెడల్ అందురు. రెండు మూడు ట్రాన్సిస్టర్లు, కొన్ని రెసిస్టర్లు, కండెన్సర్లు, 9 వోల్టుల బ్యాటరీ ఉన్నచో దీనిని ఇంటిలోనే అమర్చుకొనవచ్చును. అయితే తంత్రి మీటకముందే స్పీకరులో “బుం” అను మోతయో, “స్స్” అను సొదయో, సన్నని కీచు ధ్వనియో మొదలగును. సర్క్యూటు చెడినదని తలచి, శ్రమపడి చేసిన పెట్టెను మూల పడవేయువారు కలరు. తొందరపడరాదని మా మనవి. దోషము తరచుగా పెట్టెలో కాక, పెట్టె చుట్టూ ఉండును.

శ్రుతి చూచు చెవియే ఇచట మొదటి పనిముట్టు. 1983 నుండి విద్యుత్తు నిచ్చుచున్న రామగుండం కేంద్రములో టర్బైనులు నిమిషమునకు 3000 మారులు, అనగా సెకనుకు 50 మారులు తిరుగును. కరీంనగరులోనైనను, ఆదిలాబాదులోనైనను ఇంటికి వచ్చు విద్యుత్తు లయ అదే. గంభీరమైన “బుం” ఆ 50 ఆవృత్తుల స్వరము. అడాప్టరులో వడపోత చాలనిచో వచ్చు మోత 100 ఆవృత్తులది, అనగా మొదటిదానికి సరిగా పై స్థాయి. సన్నని కీచు వినబడినచో సెల్‌ఫోను చార్జరు వంటి అడాప్టరును అనుమానింపవలెను.

ముందుగా అడాప్టరు తీసి బ్యాటరీ తగిలింపవలెను. మోత ఆగినచో దోషము అడాప్టరుదే. సరఫరా తీగలో 100 ఓముల రెసిస్టరును, దాని తరువాత ఆ తీగకును గ్రౌండునకును నడుమ 100 మైక్రోఫారడ్ల కండెన్సరును చేర్చినచో 100 ఆవృత్తుల మోత సుమారు ఆరవ వంతునకు తగ్గును. బ్యాటరీతోను మోత నిలిచియున్నచో గిటారు వాల్యూమును పూర్తిగా తగ్గించి వినవలెను. అపుడు ఆగినచో అది గిటారు పికప్ గ్రహించుచున్న మోత. గిటారు పట్టుకొని మెల్లగా తిరిగినచో ఒక దిక్కున హెచ్చును, ఒక దిక్కున తగ్గును. ట్రాన్సిస్టరు రేడియోను త్రిప్పి చూచిన శ్రోతలకు ఇది కొత్త కాదు. ఫ్యాను రెగ్యులేటరును కూడ ఆర్పి చూడవలెను. అప్పటికిని తగ్గనిచో పెట్టెనే మార్చవలెను. ప్లాస్టిక్ సబ్బుపెట్టె కంటె అల్యూమినియం టిఫిను డబ్బా మేలు. అల్యూమినియమునకు టంకము సులభముగా అంటదు గనుక గ్రౌండు తీగను మరతో బిగింపవలెను.

“స్స్” అను సొద వేరు. ఉష్ణము వలన రెసిస్టరులోని ఎలక్ట్రానులు నిరంతరము కదలాడుటయే దీనికి మూలమని బెల్ ప్రయోగశాలకు చెందిన జాన్సన్ 1928లో వివరించెను. దీనిని బొత్తిగా తుడిచివేయ వీలులేదు. మొదటి దశలో కార్బన్ రెసిస్టర్లకు బదులు మెటల్ ఫిల్మ్ రకము వాడినచో కొంత తగ్గును.

ఇక పెడల్‌లో రేడియో ప్రసంగము వినబడుట! శక్తిమంతమైన మీడియం వేవ్ కేంద్రమునకు సమీపమున ఇది జరుగును. ట్రాన్సిస్టరు లోపలి సంధి పూర్వపు క్రిస్టల్ సెట్టువలె పనిచేసి తరంగము నుండి మాటను వేరుచేయును. మా ప్రసారము ఎచట వినబడినను మాకు సంతోషమే గాని, గిటారు వాద్యకారునికి కాదు. ఇన్‌పుట్ తీగలో 10 వేల ఓముల రెసిస్టరు, దాని తరువాత గ్రౌండునకు 100 పికోఫారడ్ల కండెన్సరు చేర్చినచో చాలవరకు సద్దుమణుగును.

మోత మాన్పుటకు కొందరు యాంప్లిఫయరు ప్లగ్గులోని ఎర్తు పిన్నును తీసివేయుదురు. ఇది మమ్ము కలవరపెట్టు విషయము. రెండు యంత్రములకు వేర్వేరు ఎర్తు మార్గములున్నపుడు మోత పుట్టుటయు, పిన్ను తీసిన ఆగుటయు నిజమే. కాని గిటారు తంత్రులు యాంప్లిఫయరు లోహపు చట్రముతో కలిసియుండును. లోపల ఒక తీగ పైపొర చిట్లి చట్రమును తాకినచో 230 వోల్టులు వ్రేళ్ళ క్రిందికి వచ్చును. 1972లో బ్రిటనులోని స్వాన్సీ పట్టణమున లెస్లీ హార్వీ అను గిటారు వాద్యకారుడు ఎర్తు సరిగా లేని మైకును తాకి వేదికపైననే విద్యుద్ఘాతమునకు గురియై మరణించెను. రెండు యంత్రములను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుండి నడుపుట సరియైన మార్గము.

గోడలోని సాకెట్టుకు మూడవ రంధ్రమున్నంతమాత్రాన ఎర్తు ఉన్నట్లు కాదు. పాత ఇండ్లలో దాని వెనుక తీగయే లేకపోవచ్చును. ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించవలెను. తీగ ఉన్నను, మన ప్రాంతపు ఎండలకు ఎర్తు గుంట ఎండిపోయినచో అది సరిగా పనిచేయదు. ఏప్రిల్, మే నెలలలో ఆ గుంటలో అప్పుడప్పుడు రెండు బిందెల నీరు పోయుచుండవలెను.