చెవికి ముందే తెలుసు

న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు పెద్ద సినిమా ప్రీమియర్‌కి వెళ్లేసరికే అందులోని పాటలు సగం నోటికి వచ్చేసి ఉంటాయి. ‘అల వైకుంఠపురములో’ సినిమా 2020 సంక్రాంతికి వచ్చింది. అందులోని ‘సామజవరగమన’ పాట మాత్రం 2019 సెప్టెంబరు నుంచే ఊరూరా మోగింది. క్యాసెట్ల కాలంలోనూ ఆడియో ముందే వచ్చేది కదా అనవచ్చు. నిజమే. కానీ అప్పుడు పాటలన్నీ ఒక్కసారే చేతికొచ్చేవి, ఏది బాగుందో చెవే తేల్చుకునేది. ఇప్పుడు ముందు ప్రకటన, తర్వాత ప్రోమో, ఆ తర్వాతే పాట. దాని కిందే ఎంతమంది చూశారన్న లెక్క. వినకముందే తీర్పు చేతికి అందుతోంది.

అంచనా వినికిడిని పాడుచేస్తుందని మాత్రం అనుకోకూడదు. కెనడాలోని మాంట్రియల్‌లో 2011లో శాస్త్రవేత్తలు కొందరికి వాళ్లు కోరుకున్న, ఒళ్లు పులకరింపజేసే సంగీతమే వినిపించి మెదడును పరీక్షించారు. ఇష్టమైన ఘట్టం వచ్చినప్పుడే కాదు, అది రాబోతోందని ఎదురుచూసే క్షణాల్లోనూ ఆనందంతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం విడుదలైంది. పల్లవి మళ్లీ ఎప్పుడొస్తుందా అని మనం ఎదురుచూడటం ఆ ఆనందంలో భాగమే. అయితే ఆ ఎదురుచూపు విని విని పుట్టినది. ప్రచారం పుట్టించే అంచనా వేరు. దానికి స్వరంతో పని లేదు, హీరో పేరుతోనే పని. అందుకే మంచి పాట కూడా ఒక్కోసారి మొదటి రోజే ‘అనుకున్నంత లేదు’ అనిపించుకుంటుంది.

గొప్ప పాటకు ఏ అంచనా అక్కర్లేదని, 1980 నాటి ‘శంకరాభరణం’ అందుకు సాక్ష్యమని కొందరంటారు. స్టార్ హీరో లేకుండానే ఆ సినిమా ఆడింది. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్‌కు, గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరామ్‌కు జాతీయ అవార్డులు తెచ్చింది. కానీ ఆ ప్రేక్షకుల చెవి ఖాళీగా లేదు. త్యాగరాజ కృతులు, హరికథలు, నాటకాల పద్యాలు విన్న చెవి అది. రాగం ఎటు మళ్లుతుందో పేరు తెలియకపోయినా పోల్చుకోగలదు. పోస్టర్ ఇవ్వని అంచనాను సంప్రదాయం ఇచ్చింది.

ఐసెలిన్‌లో పుట్టిపెరిగే పిల్లలకు ఆ చెవి దానంతటదే రాదు. వాళ్లకు పాటను పరిచయం చేసేటప్పుడు వ్యూస్ సంఖ్య చెప్పకండి. కారులో ఒకే పాటను నాలుగైదు రోజులు వినిపించండి, బాగుందో లేదో అప్పుడు అడగండి.