ముందు దిద్దడమా, తర్వాత దిద్దడమా

రాత్రి పన్నెండు దాటాక సర్వర్ ఆగిపోయింది. డ్యూటీలో ఉన్న కుర్రాడు ఆఫీసు పోర్టల్ తెరిచి, అందులో రాసి ఉన్నట్టే ఒక్కొక్క స్టెప్పూ చేసుకుంటూ పోయాడు. నాలుగో స్టెప్పులో చెప్పిన ఫోల్డరు ఆ మెషీన్లో లేదు. నెల కిందటే దాన్ని వేరేచోటికి మార్చారు. ఆ సంగతి నాతో సహా టీంలో నలుగురికి తెలుసు. కానీ పోర్టల్లో అక్షరం మార్చే అధికారం ఒక్కరికే ఉంది, ఆయన సెలవులో ఉన్నారు. ఒక్క లైను కోసం ఫారం నింపి పంపడానికి మాలో ఎవరమూ పూనుకోలేదు. కుర్రాడు ఫోన్ చేసి నన్ను లేపేసరికి గంట గడిచిపోయింది.

ఆఫీసు సమాచారానికి వికీ మంచిదా, మా పోర్టల్ లాంటి కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (సీఎంఎస్) మంచిదా అని ఎవరడిగినా నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

లోపల చూస్తే రెండూ దగ్గరి చుట్టాలే. రెండింటికీ అడుగున సాధారణంగా డేటాబేస్ ఉంటుంది, రెండింటినీ బ్రౌజర్లోనే చూస్తాం. తేడా అంతా తప్పొప్పులు ఎప్పుడు చూస్తారన్న దగ్గరే. సీఎంఎస్‌ది పత్రికాఫీసు పద్ధతి: ఒకరు రాస్తారు, ఇంకొకరు సరిచూస్తారు, అనుమతి వచ్చాకే పాఠకుడికి కనిపిస్తుంది. వికీలో ఎవరు రాసినా వెంటనే కనిపిస్తుంది, దిద్దడం ఆ తర్వాత.

వికీని అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ తయారుచేశాడు. 1995 మార్చి 25న అది నెట్‌లోకి వచ్చింది. హోనలూలూ విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు నుంచి ఆ మాట తీసుకున్నాడు. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని. ఇంకా ఎవరూ రాయని పేజీ పేరు పక్కన అతని వికీలో ఒక ప్రశ్నార్థకం కనిపించేది. దాన్ని నొక్కితే రాయడానికి ఖాళీ పేజీ తెరుచుకునేది. తెలుగు వికీపీడియాలో కనిపించే ఎర్ర లింకు ఆ ప్రశ్నార్థకానికి వారసే.

ముందు దిద్దడం, తర్వాత దిద్దడం అనే ఈ రెండు పద్ధతులకూ ఒకసారి నిజమైన పరీక్షే జరిగింది. జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ 2000లో న్యూపీడియా అనే విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. నిపుణులు రాయాలి, ఏడు దశల పరిశీలన దాటాలి. మొదటి ఏడాదిలో పాతిక వ్యాసాలైనా పూర్తికాలేదు. దానికి ముడిసరుకు అందుతుందని 2001 జనవరి 15న పక్కనే ఒక వికీ పెట్టారు. అదే వికీపీడియా. ఏడాది తిరిగేసరికి అందులో దాదాపు 20 వేల వ్యాసాలు చేరాయి. 2003లో న్యూపీడియా మూతపడింది. అదే ఏడాది డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది.

ఎవరైనా దిద్దవచ్చంటే గందరగోళం కాదా? కాకుండా కాపాడేది ‘చరిత్ర’ అనే మీట. వికీ పాత ప్రతిని చెరపదు, ప్రతి మార్పునూ విడిగా దాస్తుంది. ఏ రెండు ప్రతులనైనా పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ అదే వరుసలో వచ్చే లైన్లను పట్టుకుంటుంది, మిగిలినవే మార్పులు. ఈ విద్యకు మూలం 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ కోసం రాసిన డిఫ్ ప్రోగ్రాం. పేజీని పాడుచేయడానికి పట్టే శ్రమకన్నా పాత ప్రతిని వెనక్కి తేవడానికి పట్టే శ్రమే తక్కువ. వికీ ధైర్యమంతా అందులోనే ఉంది.

మరి ఇద్దరు ఒకేసారి దిద్దితే? నేనూ మీరూ ఒకే పేజీని ఒకేసారి తెరిచామనుకోండి. మీరు మొదటి లైనులో ఫోన్ నంబరు మార్చి భద్రపరిచారు. నేను చివరి లైనులో ఫోల్డరు పేరు మార్చి, మీ తర్వాత భద్రపరిచాను. వికీపీడియాను నడిపే మీడియావికీ అప్పుడు మూడు ప్రతులు చూస్తుంది: ఇద్దరం తెరిచిన మూలం, మీది, నాది. మార్పులు వేర్వేరు చోట్ల ఉంటే రెండింటినీ కలిపేస్తుంది. ఇద్దరం ఒకే లైనును ముట్టుకుంటే ఆగి, రెండూ చూపించి, ఏది ఉంచాలో నన్నే తేల్చమంటుంది. చాలా సీఎంఎస్‌లు అంత దూరం రానివ్వవు. ఒకరు తెరిస్తే ఇంకొకరికి తాళం పడుతుంది.

అయినా వికీ అన్నిటికీ పనికిరాదు. మందు మోతాదు, బాయిలర్ పీడనం హద్దు, జీతాల లెక్క, సెలవుల నిబంధన – ఇవి గంటసేపు తప్పుగా ఉన్నా ఎవరికో ఒకరికి నష్టమే. అలాంటివి సీఎంఎస్‌లోనే ఉండాలి, అనుమతి దాటాకే బయటికి రావాలి. మెషీన్ల అలవాట్లు, ఫలానా క్లయింటు ఫైలు ఏ రూపంలో పంపుతాడో, రాత్రి డ్యూటీవాళ్లు కనిపెట్టిన ఉపాయాలు – ఇవి పదిమంది తలల్లో ముక్కలు ముక్కలుగా ఉంటాయి. వీటిలో తప్పు దొర్లడం కన్నా అసలు రాయకపోవడమే పెద్ద ప్రమాదం.

మన ఆఫీసుల్లో వికీ వాడిపోవడానికి కారణం సాఫ్ట్‌వేర్ కాదని నా నమ్మకం. “సార్ రాసింది నేనెలా దిద్దుతానండీ?” అనే సంకోచం. ప్రతి మార్పు కిందా పేరు పడుతుంది కదా, అదే భయం. పెద్దవాళ్లు తమ పేజీలో దొర్లిన తప్పును చిన్నవాళ్ల చేత అందరి ముందూ దిద్దించనంతకాలం ఆ వికీ ఖాళీగానే ఉంటుంది.

మేం జీతాలూ సెలవులూ పోర్టల్లోనే ఉంచి, సర్వర్ సంగతులకు వికీ పెట్టుకున్నాం. నాలుగో స్టెప్పును ఆ కుర్రాడే దిద్దాడు. దాని కింద ‘బ్యాకప్ టేపులు తిరిగి ఎక్కించడం’ అని ఒక ఎర్ర లింకు వదిలాడు. టీంలో ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సాయంత్రం ఆఫీసులో కూర్చుని రాశాను.