చెరిపేసిన ఫోటో ఎక్కడికి పోతుంది?

మన ఇళ్ళల్లో ఇప్పుడు ఆల్బమ్ అంటే అట్టల పుస్తకం కాదు. గోరంత మెమరీ కార్డు, లేకపోతే వేలెడంత పెన్ డ్రైవ్. పెళ్ళిళ్ళూ, సీమంతాలూ, అన్నప్రాశనలూ అన్నీ అందులోనే. పొరపాటున వేలు తగిలి ఓ ఫోటో డిలీట్ అయిపోతే "అయ్యో, పోయింది" అని ఊరుకుంటాం. నిజానికి అది అప్పుడే పోదు. పోగొట్టేది ఆ తర్వాత మనం చేసే పనే! ఈ సంగతి దెబ్బ తిన్నాక గానీ నాకూ తెలీలేదు. అందుకే మీకు రాస్తున్నాను.

మా ఆడపడుచు కూతురి సీమంతానికి మా కెమెరాతో అరవై పైన ఫోటోలు తీశాం. అందులో మా అత్తగారు మనవరాలికి గాజులు తొడుగుతున్నవి రెండు. ఆ తర్వాత మూడు నెలలకే ఆవిడ పోయారు. అవే ఆవిడ చివరి ఫోటోలు. ఓ ఆదివారం మా అబ్బాయి, క్రికెట్ ఫోటోలు తియ్యడానికి కార్డులో చోటు లేదని, సీమంతం ఫోటోలన్నీ డిలీట్ కొట్టేశాడు. కంప్యూటర్లోకి ఎక్కించేసి ఉంటామనుకున్నాడు వాడు. ఆయన ఎక్కించారని నేనూ, నేను ఎక్కించానని ఆయనా! ఎవరం ఎక్కించలేదు.

మా చెల్లెలి కొడుకు కంప్యూటర్లు చదువుకున్నాడు. ఏడుపు గొంతుతో వాడికి ఫోన్ చేశాను. వాడు అడిగిన మొదటి మాట, "పెద్దమ్మా, డిలీట్ చేశాక తమ్ముడు ఎన్ని ఫోటోలు తీశాడు?" అని. పన్నెండని చెప్పాను. "ఇంక ఒక్కటి కూడా తియ్యనివ్వకు. కార్డు ఊడదీసి పక్కన పెట్టెయ్యి, సాయంత్రం వస్తా" అన్నాడు.

వాడు చెప్పినదంతా నాకు వంటింటి లెక్కలో అర్థమైంది. మీకూ అలాగే చెబుతాను.

గోడ నిండా అరలూ, అరల నిండా ఒకే సైజు డబ్బాలూ ఉన్నాయనుకోండి. ప్రతిదాని మీదా ఓ నంబరు. ఒక డబ్బాలో ఒకే సరుకు పొయ్యాలి, రెండోది కలపకూడదు. మేకుకి ఓ లెక్కల పుస్తకం వేలాడుతుంటుంది. అందులో ఒకచోట "బియ్యం, 3వ డబ్బాలో మొదలు, మొత్తం ఇంత" అని ఉంటుంది. ఇంకోచోట "3 తర్వాత 4 చూడు, 4 తర్వాత 9 చూడు, 9తో సరి" అని ఉంటుంది. మనం బియ్యం అడిగితే కంప్యూటరు ఈ పుస్తకం చూసుకుంటూ డబ్బాలు వరసగా దింపుతుంది. డబ్బాల వరస చెప్పే ఆ పట్టీనే ఫైల్ అలొకేషన్ టేబుల్ అంటారు. పొట్టిగా ఫ్యాట్. (మన నడుం చుట్టూ ఉండేది కాదు లెండి!) 1977లో మైక్రోసాఫ్ట్‌లో మొదలైన పద్ధతి ఇది. 1996లో వచ్చిన ఫ్యాట్32 అనే రకం ఇవాళ్టికీ 32 జీబీ వరకూ ఉండే కార్డుల్లో నడుస్తోంది. అంతకన్నా పెద్ద కార్డుల్లో 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ ఉంటుంది.

మా కార్డులో ఒక్కో డబ్బా 32 కిలోబైట్లు. 3 ఎంబీ ఫోటోకి 96 డబ్బాలు కావాలన్నమాట. ఇంగువ చిటికెడే అయినా దానికీ ఓ డబ్బా పోతుంది కదా, అలాగే 1 కిలోబైటు చీటీ దాచినా 32 కిలోబైట్ల డబ్బా ఖర్చే. కంప్యూటర్లో ఫైల్ ప్రాపర్టీస్ తెరిస్తే "సైజ్", "సైజ్ ఆన్ డిస్క్" అని రెండు లెక్కలు కనిపించేది ఇందుకే. కొట్టువాడు 16 జీబీ అని అమ్మిన కార్డు ఇంటికొచ్చాక 14.9 చూపించడం మాత్రం వేరే కథ. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తే కంప్యూటరు 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతే. మోసమేం లేదు.

ఇక డిలీట్ కొడితే ఏమవుతుంది? డబ్బాలు దింపి కడుగుతుందనుకుంటాం. అబ్బే, అంత ఓపిక దానికెక్కడిది! పుస్తకంలో ఆ పేరు మొదటి అక్షరం కొట్టేస్తుంది, డబ్బాల వరస చెరిపేసి "ఖాళీ" అని రాసుకుంటుంది. బియ్యం మాత్రం డబ్బాల్లో అలాగే ఉంటాయి. తర్వాత కొత్త సరుకు వచ్చినప్పుడు మూత తీసి చూడకుండా ఏదో ఒక ఖాళీ డబ్బాలో పోసేస్తుంది. పాత సరుకు నిజంగా పోయేది ఆ క్షణంలోనే. పన్నెండు క్రికెట్ ఫోటోలు అలా ఎవరి డబ్బాల్లో పడ్డాయో అని నా గుండె దడదడలాడింది.

మావాడు కార్డుని కంప్యూటర్లో పెట్టి ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్ నడిపాడు. డబ్బు కట్టక్కర్లేదు, ఉచితమే. ఇది పుస్తకాన్ని నమ్మదు. ఒక్కో డబ్బా మూతే తీసి, ఫోటో మొదట్లో ఉండే గుర్తు కోసం వెతుకుతుంది. దొరికినవాటిని కంప్యూటర్లో దాచుకోవాలి గానీ మళ్ళీ ఆ కార్డులోనే పెట్టకూడదు. పెడితే మిగిలినవాటి నెత్తిన మనమే పోసినట్టు.

చాలా ఫోటోలు వచ్చాయి, పేర్లు మాత్రం పోయి వట్టి నంబర్లతో. కొన్ని అసలు రాలేదు. కొన్ని పైన సగం బావుండి కింద సగం బూడిదరంగు. కొన్నిటి డబ్బాలు క్రికెట్‌కి పోయాయట. మరి మిగతావి? అక్కడ తప్పు నాదే. కార్డు నిండినప్పుడల్లా బాగా రాని ఫోటోలు మధ్యమధ్యలో ఒకటీ అరా చెరిపేదాన్ని. ఆ సందుల్లో కొత్త ఫోటో ముక్కలుగా చేరుతుంది, కొంత ఇక్కడ, కొంత అక్కడ. పుస్తకం ఉన్నన్నాళ్ళూ ఫర్వాలేదు. వరస చెరిగిపోయాక 4 తర్వాత 9 అని ఎవరు చెప్తారు? పక్కపక్క డబ్బాల్లో ఉన్న ఫోటో దొరికినంత సులువుగా ఇలా చెదిరింది దొరకదు.

అత్తగారి ఫోటోల్లో ఒకటి పూర్తిగా వచ్చింది. రెండోదాంట్లో ఆవిడ ముఖం ఉంది, గాజుల చేతులు లేవు.

అప్పట్నుంచీ కెమెరాలో ఒక్కొక్కటీ చెరపడం మానేశాను. నిండగానే అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, తెరిచి చూసుకుని, ఇంకోచోట కూడా ఓ కాపీ పెట్టి, అప్పుడు కెమెరాలోనే ఫార్మాట్ చేస్తున్నాను. మీరూ అలా చేసి చూడండి. అయితే ఫోన్ లోపలి మెమరీకి ఈ వెతుకులాట నమ్ముకోకండి. ఇప్పటి ఫోన్లు లోపల అన్నీ తాళం వేసి దాస్తాయి, ఖాళీ అయిన డబ్బాల్ని తామే శుభ్రం చేసుకుంటాయి. వాటిల్లో చెరిగితే వెంటనే గ్యాలరీలోని ట్రాష్ చూడాలి, చాలా ఫోన్లలో నెలపాటు ఉంచుతారు.

ఇంకో మాట. మనం చెరిపినవి మనకి దొరికితే ఇతరులకీ దొరుకుతాయి కదా! పాత కార్డో పెన్ డ్రైవో ఎవరికైనా ఇచ్చేముందు డిలీట్ కొట్టి ఊరుకోకండి. విండోస్ కంప్యూటర్లో ఫార్మాట్ అని నొక్కాక "క్విక్ ఫార్మాట్" దగ్గరుండే టిక్కు తీసెయ్యండి. క్విక్ అంటే పుస్తకం ఒక్కటే కొత్తది పెడుతుంది. టిక్కు తీస్తే డబ్బా డబ్బా కడుగుతుంది. చాలాసేపు పడుతుంది, పొయ్యి మీద పప్పు పెట్టుకుని మొదలుపెట్టండి.