పేనుకొరుకుడులో పేను తప్పు లేదు

నిన్నటిదాకా నిండుగా ఉన్న తలలో ఒకచోట రూపాయి బిళ్లంత మేర నున్నగా తేలుతుంది. నొప్పి ఉండదు, దురద కూడా పెద్దగా ఉండదు. పేను కొరికిందని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేస్తారు. ఇక ఆ పిల్లకు వేరే దువ్వెన, వేరే తువ్వాలు. బడిలో పక్కన ఎవరూ కూర్చోరు. పెళ్లి కావలసిన పిల్లయితే బయటకు పొక్కనివ్వరు.

పేను నెత్తురు తాగుతుందే గాని వెంట్రుక కొరకదు. ఈ జబ్బు ఒకరినుంచి ఒకరికి అంటదు. ఇది కంచే చేను మేసిన వ్యవహారం. రోగాల నుంచి మనల్ని కాపాడవలసిన తెల్లకణాలే వెంట్రుక కుదుళ్ల మీద పడతాయి. మామూలుగా ఆ కుదుళ్లు వాటి కంట పడకుండా మరుగున ఉంటాయి. ఆ మరుగు తొలగడానికి 'ఆక్సీకరణ ఒత్తిడి' ఒక కారణం కావచ్చునని పరిశోధకులు అంటున్నారు.

కట్టెలు మండితే నిప్పురవ్వలు లేచినట్టే, ప్రాణవాయువుతో కణాలు శక్తిని తయారు చేసుకునేటప్పుడు కొన్ని చురుకైన అణువులు పుడతాయి. వాటిని చల్లార్చే ఏర్పాటు ఒంట్లోనే ఉంది. రవ్వలు ఎక్కువై ఆ ఏర్పాటు చాలకపోతే కణాల పైపొరలోని కొవ్వు చెడుతుంది. దెబ్బతిన్న కుదురు ఆపద గుర్తులు పైకి చూపుతుంది. తెల్లకణాలు వాటిని చూసి శత్రువనుకుంటాయి. ఈ రోగుల రక్తంలో అలా చెడిన కొవ్వు తాలూకు అవశేషాలు ఎక్కువగా ఉన్నట్టు చాలా పరీక్షల్లో కనిపించింది. అయితే రవ్వలు ముందా, దాడి ముందా అన్నది ఇంకా తేలలేదు. కాబట్టి విటమిను బిళ్లలతో జుట్టు మొలుస్తుందని ఎవరైనా అమ్మజూపితే డబ్బు దండగే.

అసలు భయం మన నాటువైద్యంతోనే. నెత్తురు చిమ్మేదాకా రుద్ది గురివింద గింజ అరగదీసి పూస్తారు. ఆ గింజలో ఉన్నది ప్రాణం తీసే విషం. దాన్ని పచ్చిపుండు మీద పెట్టడమేమిటి?

పిల్లల తలలో పొట్టు రాలుతూ, వెంట్రుకలు తెగిపోతూ ఉంటే అది తామర కావచ్చు. అది మాత్రం అంటుతుంది. ఏది ఏదో చర్మవైద్యుడే చెప్పాలి. పేనుకొరుకుడైతే మచ్చలోకి స్టెరాయిడు సూదులు వేస్తారు. జబ్బు తీవ్రంగా ఉన్న పెద్దవాళ్లకు బారిసిటినిబ్ బిళ్లలను అమెరికా 2022లో అనుమతించింది. అవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి గనుక క్షయ వగైరా పరీక్షలు చేశాకే ఇస్తారు.

ఈ జబ్బులో కుదురు చావదు. చిన్న మచ్చలు చాలామందికి ఏడాదిలోపే వాటంతటవే పూడుతాయి, కొందరికి మళ్లీ వస్తాయి. కొత్తగా మొలిచే వెంట్రుకలు మొదట తెల్లగా ఉండవచ్చు. నెరిసిందని పీకేయవద్దు, నలుపు తరువాత వస్తుంది.