ఎఫ్.ఎం. రేడియోలో గొంతు ఎందుకు మారి వినిపిస్తుంది?

ఒకే మనిషి మాట ఎదురుగా కూర్చుని వింటే ఒక తీరుగా, ఎఫ్.ఎం. రేడియోలో వింటే మరొక తీరుగా ఉంటుంది. రేడియోలో ఆ గొంతు నిండుగా, దగ్గరగా, కాస్త గట్టిగా వినిపిస్తుంది. మైకు మంచిదనో, మాట్లాడేవారి కంఠం మంచిదనో అనుకుంటాం. అది కొంతవరకు నిజమే. అయితే స్టూడియోకూ ట్రాన్స్‌మిటరుకూ మధ్య ఉండే ఆడియో ప్రాసెసర్ అనే యంత్రానికి కూడా ఇందులో పెద్ద పాత్ర ఉంది. అది చేసే పనేమిటో రేడియో ఇంజనీర్లతో పాటు, ప్రసారాల్లోని తెలుగును అధ్యయనం చేసేవారు కూడా తెలుసుకోవాలి.

ఎఫ్.ఎం. ప్రసారంలో శబ్దం ఎంత గట్టిగా ఉంటే వాహక తరంగపు పౌనఃపున్యం అంత ఎక్కువగా అటూ ఇటూ జరుగుతుంది. ఈ జరుగుబాటుకు రెండు వైపులా 75 కిలోహెర్ట్జ్ హద్దు. హద్దు దాటితే పక్క స్టేషనుకు అడ్డం వస్తుంది, రిసీవరులో శబ్దం చెదురుతుంది. ఇక మనిషి మాటలో ఎత్తైన క్షణాలు సగటు కంటే 12 డెసిబెళ్ళు, అంతకంటే ఎక్కువ కూడా పైకి లేస్తాయి. 12 డెసిబెళ్ళంటే వోల్టేజిలో దాదాపు 4 రెట్లు. ఆ ఎత్తులు హద్దులో ఉండేలా స్థాయి పెడితే మిగతా మాటంతా అడుగున పడిపోతుంది. సిగ్నల్ బలహీనంగా అందే ఊళ్ళో అది బుసబుస మోతలో మునుగుతుంది. బస్సులోనో వంటింట్లోనో వినేవారికి సగం మాటలు అందవు. ఎత్తులను అణచాలి, సగటును పెంచాలి. ప్రాసెసర్ పుట్టింది ఈ అవసరం కోసమే.

ఈ పని మెట్లు మెట్లుగా జరుగుతుంది. మొదటిది స్థాయిని సరిచేసే భాగం. ఇది నిదానంగా పనిచేస్తుంది. ఒకరు మైకుకు దగ్గరగా, మరొకరు దూరంగా కూర్చున్నా ఇద్దరి మాటనూ ఒక స్థాయికి తెస్తుంది. రెండోది కంప్రెసర్. హెచ్చు శబ్దానికీ తగ్గు శబ్దానికీ మధ్య దూరాన్ని ఇది కుదిస్తుంది. చాలా యంత్రాల్లో శబ్దాన్ని మంద్రం నుంచి తారం దాకా కొన్ని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని విడిగా అదుపు చేస్తారు. చివరిది లిమిటర్, దాని వెంట క్లిప్పర్. ఇంకా హద్దు దాటబోయే ఎత్తులను ఇవి అణచివేస్తాయి, లేదా కత్తిరిస్తాయి. కత్తిరింపు మితిమీరితే శబ్దంలో గరగర చేరుతుంది. అమెరికాలో రాబర్ట్ ఆర్బన్ 1975లో తెచ్చిన ఆప్టిమోడ్-ఎఫ్.ఎం. 8000 యంత్రం లిమిటరునూ స్టీరియో ఎన్‌కోడరునూ ఒకే పెట్టెలో కలిపింది. దానితో హద్దు దాటకుండానే శబ్దాన్ని బాగా పెంచడం సాధ్యమైంది. రేడియో తిప్పే శ్రోత గట్టిగా వినిపించే స్టేషను దగ్గరే ఆగుతాడనే నమ్మకంతో అక్కడ స్టేషన్ల మధ్య పోటీ కూడా పెరిగింది.

ఎఫ్.ఎం.లో మరొక చిక్కు ఉంది. రిసీవరులో వినపడే బుసబుస పై స్థాయుల్లోనే ఎక్కువ. దాన్ని తగ్గించడానికి పై స్థాయి శబ్దాలను ప్రసారానికి ముందే పెంచి పంపుతారు, రిసీవరులో అంతే తగ్గిస్తారు. దీని కొలత మన దేశంలోనూ ఐరోపాలోనూ 50 మైక్రోసెకండ్లు, అమెరికాలో 75. 50 మైక్రోసెకండ్ల లెక్కలో 15 కిలోహెర్ట్జ్ శబ్దం 13 డెసిబెళ్ళకు పైగా పెరుగుతుంది. అందువల్ల స, శ, చ వంటి ధ్వనులు, తాళాల మోత అందరికంటే ముందు హద్దును తాకుతాయి. లిమిటర్ వాటిని అణిస్తే శబ్దం మందగిస్తుంది. అణచకుండా కత్తిరిస్తే 'స' గీరుకున్నట్టు వినిపిస్తుంది.

సంగీతంలో ఈ మార్పును సులభంగా పట్టుకోవచ్చు. ఆలాపనలో గాయకుడు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు తంబురా శ్రుతి ఒక్కసారి ముందుకు వస్తే, అది కంప్రెసర్ స్థాయిని పెంచడం వల్ల. శబ్దాన్ని భాగాలుగా విడదీయని యంత్రంలో మృదంగం ఎడమవైపు గట్టి దెబ్బ పడిన ప్రతిసారీ గాయకుడి గొంతు ఒక్క క్షణం కుంగుతుంది. హరికథలో దాసుగారు గుసగుసగా చెప్పిన మాటా, గొంతెత్తి చెప్పిన మాటా దాదాపు ఒకే స్థాయిలో వచ్చి పడతాయి.

మాట సంగతి ఇంకా సూక్ష్మం. 'అటు', 'అట్టు' అనే రెండు మాటలను చూడండి. 'ట్ట' పలికేటప్పుడు నాలుక గాలిని కాస్త ఎక్కువసేపు ఆపి ఉంచుతుంది. ఆ క్షణం నిశ్శబ్దం. ద్విత్వాన్ని చెవి గుర్తుపట్టేది ప్రధానంగా ఆ విరామాన్ని బట్టే. చాలా వేగంగా పనిచేసే కంప్రెసర్ ఆ విరామంలో స్థాయిని పెంచి గది మోతను, ఫ్యాను చప్పుడును అందులో నింపుతుంది. మాట అర్థం కాకపోదు గాని, దాని అంచులు మొద్దుబారతాయి. పదాంతంలో తేలికగా పలికే హ్రస్వాచ్చు, మహాప్రాణంలోని ఊపిరి ఉన్నదానికంటే బలంగా వినిపిస్తాయి. కాలపరిమాణం మీద ఆధారపడిన దీర్ఘహ్రస్వాల తేడా చాలావరకు నిలుస్తుంది. దెబ్బ తినేది బలాబలాల తేడా.

రాష్ట్రేతర తెలుగువారికి ఇది పట్టించుకోవలసిన విషయం. రేడియోతో వారి అనుబంధం పాతది. విజయవాడ కేంద్రం 1948లో మొదలు కాకముందు, 1938లో ప్రారంభమైన మద్రాసు కేంద్రం నుంచి తెలుగు ప్రసారాలు వచ్చేవి. ఎఫ్.ఎం. ప్రసారం కూడా మన దేశంలో మొదట 1977లో మద్రాసులోనే మొదలైంది. 2006 నాటి మార్గదర్శకాలతో విద్యాసంస్థలకే కాక స్వచ్ఛంద సంస్థలకు కూడా సామాజిక రేడియో నడిపే అవకాశం వచ్చింది. ఇటువంటి స్టేషన్ల ప్రసార బలం సాధారణంగా 100 వాట్లకు పరిమితం. బలం తక్కువ కనుక ప్రాసెసరును గట్టిగా తిప్పి దూరం లాగాలనిపిస్తుంది. కొంత మేలు జరుగుతుంది కూడా. కాని హోసూరు, కోలారు, బళ్ళారి ప్రాంతాల పెద్దల మాటలో యాస అంతా చిన్న చిన్న తేడాల్లోనే ఉంటుంది. వాటిని చదును చేసి వినిపిస్తే ఆ పెద్దల మనవలకు అందేది వారి తెలుగు పూర్తిగా కాదు.

అందుచేత మాటల కార్యక్రమాలకు మెత్తని అమరిక వేరుగా పెట్టుకోవడం మంచిది. స్థాయిని నిదానంగా సరిచేసే భాగం మీద ఎక్కువగా, క్లిప్పర్ మీద తక్కువగా ఆధారపడాలి. రేడియో నుంచి పట్టిన రికార్డును పదజాలానికీ వాక్యనిర్మాణానికీ నిస్సంకోచంగా వాడవచ్చు. ఊనికను, ధ్వని బలాన్ని కొలవడానికి మాత్రం దాన్ని నమ్మరాదు. ఒక పెద్దమనిషిని రికార్డు చేసినప్పుడు ప్రాసెసర్‌కు పోని మూలప్రతిని, కుదించని ఫైలుగా, ఊరు, తేదీ, వాడిన మైకు వివరాలతో సహా విడిగా దాచాలి. ప్రసారానికి ఇచ్చేది దాని నకలు మాత్రమే కావాలి.