అంబాజీపేట కొబ్బరి బేరము

కోనసీమకు వచ్చిన చుట్టములకు మనము గోదావరిని చూపుదుము, గుడులను చూపుదుము, తోటలో మంచము వాల్చి బొండము నీరు ఇత్తుము. ఆ కాయ చెట్టు దిగిన తరువాత ఎక్కడికి పోవునో చూపుట అరుదు. సెలవులకు మా అక్కగారు, బావగారు పిల్లలతో హైదరాబాదునుండి వచ్చినప్పుడు మేము ఆ లోటు తీర్పదలచితిమి.

వారు కోటిపల్లి రేవున పంటెక్కి, గౌతమిని దాటి ముక్తేశ్వరమున దిగిరి. మరునాడు ఉదయమే క్షణముక్తేశ్వరస్వామిని దర్శించుకొని, అయినవిల్లిలో విఘ్నేశ్వరునకు మ్రొక్కి, ఎండ ముదరకముందే అంబాజీపేట చేరితిమి. దారి పొడవునా కొబ్బరితోటలే. "చెట్టున డబ్బు కాయుచున్నది, మీకేమి లోటు!" అని బావగారు పరిహాసమాడిరి. మేము మారు పలుకలేదు.

అంబాజీపేట చూచుటకు పెద్ద పట్టణము కాదు. కాని కొబ్బరి వర్తకమునకు పెట్టినది పేరు. ఇచటి ధర వినియే చుట్టుప్రక్కల తోటలలో బేరములు సాగును. కొట్ల ముంగిట కాయల రాశులు, ప్రక్కన డొక్కల గుట్టలు, వాకిట లారీలు. నేలలో నాటిన ఇనుప మొనపై కాయను గ్రుచ్చి, రెండు మూడు విసురులలో డొక్క ఊడదీయు ఒలుపు కార్మికులను పిల్లలు కన్నార్పక చూచిరి. కాయలు లెక్కించువాడు "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టెను.

"ఒకటి అనక లాభం అంటాడేం, మామయ్యా?" అని మేనకోడలు అడిగినది.

"లెక్క లాభముతో మొదలు కావలెనని కోరిక, తల్లీ. ఆ లాభము ఎవరిదో లెక్క చివర తేలును" అంటిమి.

ఇచట కాయలకు వేయింటి లెక్కన ధర కట్టుదురు. నీరు నిండిన కాయ నీటికాయ. అందు కొత్తగా దింపినది పచ్చికాయ, పాతది ముక్కుడుకాయ. నీరు ఇగిరి, లోపలి కొబ్బరి గుండుగా ఎండినది కురిడీ. కురిడీలో మరల గండేరా, గటగట అని రకములు. గండేరాకు ధర హెచ్చు. పగులగొట్టి ఎండబెట్టిన కొబ్బరిని మాత్రము క్వింటాళ్ళలో తూచి అమ్ముదురు.

కురిడీ చేయుటకు యంత్రము అక్కరలేదు, ఓపిక కావలెను. కాయలను అటకలమీద నీడపట్టున నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాది వరకు, నిలువ ఉంచవలెను. నీరంతయు ఇగిరి కొబ్బరి చిప్పను విడిచినప్పుడు కాయను ఊపినచో లోపల గుండు కదలును. అప్పుడు చిప్పను మెల్లగా పగులగొట్టి గుండును చెదరకుండ తీయుదురు. గుజరాతు, రాజస్థాను, మహారాష్ట్రములలో పండుగలకు, శుభకార్యములకు దీని వాడుక ఎక్కువ. అందుచేత ఉత్తరాది పండుగలు సమీపించినకొలది ఇచట బేరములు చురుకగును.

అట్లయిన రైతులందరును కురిడీయే చేయరాదా యని బావగారికి సందేహము కలిగినది. రాశి ప్రక్క నిలిచిన ఒక వృద్ధ రైతు విని నవ్వెను. "అమ్మాయి పెళ్ళి పెట్టుకున్నామండి. అటకమీద కాయ ముహూర్తానికి అందదు కదండీ. పచ్చికాయే తోలుకొచ్చేశాం."

ఈ వర్తకములోని మర్మమంతయు ఆ రెండు మాటలలో ఉన్నది. వేచియుండగలవాడు ధర వచ్చువరకు అటక దించడు. అప్పు ఉన్నవాడు, దింపు కూలి చెల్లింపవలసినవాడు, నాటి ధరకు తలయొగ్గవలెను. కేంద్ర ప్రభుత్వము 2025 సీజనునకు క్వింటాలు మర కొబ్బరికి 11,582 రూపాయలు, గుండు కొబ్బరికి 12,100 రూపాయలు మద్దతు ధర ప్రకటించినది. ఆ ధర ఎండిన కొబ్బరికే గాని నీటికాయకు కాదు. ఎండువరకు ఆగలేని రైతునకు ఆ అండ సగము దూరముననే నిలిచిపోవును.

ఇక చెట్టు మాట. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమను ఊడ్చినప్పుడు తోటలకు తోటలే నేలకొరిగినవి. పొడవు జాతి కొబ్బరిమొక్క నాటిన తరువాత కాపునకు ఆరేడేండ్లు పట్టును. ఒక రాత్రిలో పోయినదానిని మరల చూచుటకు చిన్నపిల్ల పెండ్లీడునకు వచ్చునంత కాలము కావలసిన కుటుంబములున్నవి.

తిరుగుదారిలో బావగారు తోటలను మరల చూచిరి గాని డబ్బు మాట ఎత్తలేదు. పిల్లలు ఒక కురిడీకాయను చెవికడ పెట్టుకొని ఊపి, లోపలి గుండు చప్పుడు వినుచు మురిసిరి. సాయంకాలము ముక్తేశ్వరము గుడి గంట వినబడినది. ఇచటి స్వామి క్షణములో ముక్తి నిచ్చునని ప్రతీతి. కొబ్బరిరైతు కోరునది ఋణముక్తి. దానికి మాత్రము అటకమీది కాయతోపాటు ఏడాది ఆగగల బలము కావలెను. ఆ బలమును చిన్న రైతునకు ఒనగూర్చుటయే కోనసీమకు మనము చేయవలసిన మేలు.